కెప్టెన్ గారి టగ్గుబోటు

ఆ వేసవిలో మా ఇంట్లో నా పేరు ప్లంబర్ గారు. ఆ పేరు పెట్టింది మా ఆవిడ కూతురు. "ప్లంబర్ గారూ, అమ్మ భోజనానికి పిలుస్తోంది", "ప్లంబర్ గారూ, మీ పానా నా కుర్చీలో వదిలేశారు", ఇదీ వరస. చివర గారు తగిలించి మరీ పిలిచేది కాబట్టి కోప్పడటానికి కూడా వీలుండేది కాదు.

నలభై దాటాక పెళ్ళి చేసుకున్నవాణ్ణి నేను. మా ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ కొళాయి బాగుచెయ్యడానికి వెళ్ళి, ఆ తర్వాత బాగున్న కొళాయిని కూడా ఏదో వంకతో బాగుచేసి, చివరికి ఎలాగో నోరు పెగుల్చుకుని అడిగేశాను. ఆమె మొదటి భర్త రేవులో పెద్ద ఓడల్ని నెట్టుకొచ్చే టగ్గుబోటు మీద ఇంజను మెకానిక్కు. జబ్బుచేసి పోయాడు. అప్పటికి చిన్నదైన ఆ పిల్లకి ఇప్పుడు పద్నాలుగేళ్ళు. తల్లీకూతుళ్ళ మధ్య ఒక ఒప్పందం ఉంది. వేసవి సెలవులన్నీ పిల్ల ఈ ఇంట్లో ఉండి చూడాలి. ఉండబుద్ధయితే ఉంటుంది, లేదంటే వాళ్ళ పెదనాన్న గారి ఊరు వెళ్ళి అక్కడే చదువుకుంటుంది. సెలవుల ఆఖరి ఆదివారం ఆయన వచ్చి జవాబు వింటాడు.

మా ఆవిడ పైకి నవ్వుతూనే తిరిగేది గానీ, తుడిచిన కళ్ళజోడే మళ్ళీ మళ్ళీ తుడుస్తూ ఉండేది. పిల్ల వెళ్ళిపోతే ఈమె ప్రాణం సగం దానితోనే వెళ్ళిపోతుందని నాకు తెలుసు. అదొక్కటే కాదు, దాచడం దేనికి, ఆ పిల్ల ఉండాలని నాకే ఉంది. ఇంట్లో ఇంకో మనిషి దబదబా మెట్లు దిగే చప్పుడు నాకు కొత్త. పొద్దున్నే ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేవాణ్ణి. అలాగని ఉండిపోమని ఎలా అడుగుతాను? ఎంత మొండి జాయింటునైనా కారకుండా బిగించగలను గానీ, మాటలతో మనిషిని నిలబెట్టే విద్య నాకు రాదు.

సెలవులు మొదలైన కొద్దిరోజులకి ఆ పిల్ల కింద నా వర్క్‌షాపు గుమ్మంలో నిలబడింది. చేతిలో చుట్టిన కాగితం ఉంది.

"ప్లంబర్ గారూ, పీవీసీ గొట్టాన్ని వేడిచేస్తే పలకలా అవుతుందంట కదా?"

"అవుతుందా అని అడుగుతావేంటమ్మా! కాగితంలా పరిచేస్తాను. దేనికి?"

కాగితం విప్పి బల్ల మీద పరిచింది. టగ్గుబోటు బొమ్మ. పక్కనుంచి, పైనుంచి, ముందునుంచి కొలతలతో గీసింది. అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో అది కూడా గీసింది.

"నాన్న పనిచేసిన బోటు. ముప్పయ్యో వంతు సైజు. అలమారలో పెట్టుకునే బొమ్మ కాదు, నీళ్ళలో నడవాలి. రిమోటు ఉంది, పుట్టినరోజుకి అమ్మ కొంది. పార్కు చెరువు దగ్గర మోడల్ బోట్ల వాళ్ళంతా సెలవుల ఆఖరి ఆదివారం కలుస్తారు. ఆ రోజుకి నడపాలి."

అదే ఆదివారం. నేను ఆ మాట ఎత్తకుండా, "డ్రైనేజి గొట్టం అయితే వెడల్పుగా ఉంటుంది. ఆగు, తీస్తాను" అన్నాను.

గొట్టాన్ని నిలువునా చీరి, వేడిగాలి కొట్టే గన్‌తో మెత్తబరిచి, రెండు చెక్కల మధ్య పెట్టి, పైకెక్కి నిలబడ్డాను. "నువ్వూ ఎక్కు, నా బరువు చాలదు" అన్నాను. నా బొజ్జ వైపు అనుమానంగా చూసి ఎక్కింది. అది చల్లారేదాకా ఇద్దరం చెక్క మీద నిలబడి, గోడ మీద గడియారం చూస్తూ గడిపాం. దిగి చెక్క ఎత్తితే నున్నటి తెల్ల పలక.

"మీకు లోపల పన్ను ఒకటి లేదు" అంది ఆ పిల్ల. అంటే నేను నోరంతా తెరిచి నవ్వి ఉంటాను.

ఇక మా ఇల్లు ఇల్లులా లేదు. ఆ పిల్ల కెప్టెను, నేను కూలీ. కెప్టెన్ అనే పిలవడం మొదలుపెట్టాను, కాదనలేదు. పలకలోంచి ముందు బోటుకి పక్కటెముకలు కోశాం. వాటిని వరసగా నిలబెట్టి, సన్నటి పట్టీలని వేడినీళ్ళలో ముంచి వంచి, పైపులకి పూసే జిగురుతో ఒక్కొక్కటే అతికించాం. రెండు మూరలకి కాస్త తక్కువ పొడవున్న బోటు రోజురోజుకీ బల్ల మీద ఒళ్ళు చేస్తుంటే, నాకు పనికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. వెళ్ళిన చోట కూడా బోటు ధ్యాసే. ఒకరింట్లో వేడినీళ్ళ కొళాయి చోట చన్నీళ్ళ కొళాయి బిగించి వచ్చానంటే నా పరిస్థితి ఏమిటో ఊహించుకోండి.

కెప్టెన్ మహా కచ్చితం మనిషి. బోటు ముప్పయ్యో వంతయితే దాని మీద మేకు కూడా ముప్పయ్యో వంతే ఉండాలనేది. నేను ఇత్తడి కడ్డీ కోసి, తాళ్ళు కట్టుకునే గుంజలు చేసి గర్వంగా ముందు పెట్టాను. స్కేలు పెట్టి కొలిచింది.

"ఈ లెక్కన దీనికి తాడు కట్టేవాడు తాడిచెట్టంత ఉండాలి ప్లంబర్ గారూ."

"ఉండకూడదా ఏంటి? గట్టివాళ్ళే పనిచేస్తారు టగ్గుల మీద."

"మళ్ళీ చెయ్యండి."

మళ్ళీ చేశాను. మా ఆవిడ దుకాణం నుంచి కళ్ళజోళ్ళకి వాడే నలుసంత మరలు పొట్లం కట్టి తెచ్చేది. వాటిని బిగించడానికి నా వేళ్ళు పనికిరావు. అది కెప్టెన్ పని. నా వంతుకి మోటారు వచ్చింది. మూలపడ్డ డ్రిల్లు మిషను విప్పి, దాని మోటారు, బ్యాటరీ రెండూ బోటులో కూర్చోబెట్టాం. మోటారు నుంచి ప్రొపెల్లరు దాకా వెళ్ళే ఇరుసు బోటు అడుగున నీళ్ళలోకి బయటికి రావాలి. మోడల్ బోట్ల వాళ్ళందరికీ నీళ్ళు కారేది అక్కడేనట. నా దగ్గరా ఆ కథలు! నూలుదారం చుట్టి, గ్రీజు కూరి, మూత బిగించి, "దీంట్లోంచి చుక్క కారితే నేను పానా పట్టడం మానేస్తా" అన్నాను.

మొదటిసారి మోటారు తిప్పినప్పుడు నీళ్ళేమీ కారలేదు. ప్రొపెల్లరే ఊడి, రయ్యిమని వెళ్ళి, టీ కప్పులతో లోపలికి వస్తున్న మా ఆవిడ చెవి పక్కనుంచి తలుపుకి గుచ్చుకుంది. ఆమె ట్రే కదలకుండా నిలబడి ఆ తలుపు వైపు చూసింది.

"ఏమండీ, మీరు చేసేది బోటా, విమానమా?"

కెప్టెన్ బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. ఆగడం, మళ్ళీ మొదలెట్టడం. ఈ ఇంటికి వచ్చాక ఆ పిల్ల అలా నవ్వగా మేము చూడటం అదే మొదలు. మా ఆవిడ ట్రే దించి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

తేలుతుందో లేదో చూడాలంటే పెద్ద తొట్టి కావాలి. అప్పట్లో నేను ఒక రిటైరైన సంగీతం టీచరు గారి బాత్‌రూములో పని చేస్తున్నాను. ఆవిడ ఇంట్లో పాతకాలపు స్నానాల తొట్టి ఉంది. ఒక మధ్యాహ్నం కెప్టెన్నీ బోటునీ దుప్పటి కింద దాచి వెంటబెట్టుకెళ్ళాను. దుప్పటి కింద దాచింది బోటుని మాత్రమే లెండి. తొట్టి నింపి వదిలితే బోటు బెండులా పైకి తేలింది. ఎర్రరంగు వేసిన అడుగంతా నీళ్ళ పైనే ఉంది.

"బరువు పెట్టాలి. ఎర్రరంగు ఎక్కడ అయిపోయిందో అక్కడిదాకా నీళ్ళు రావాలి" అంది కెప్టెన్.

నా సంచీలో పాత ఇత్తడి కొళాయిలున్నాయి. ఒక్కొక్కటీ విప్పి, ముక్కలు బోటు అడుగున పేర్చాం. ముందుకి వాలితే వెనక్కి జరిపాం, పక్కకి ఒరిగితే ఇంకోపక్క పెట్టాం. మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరం అందులో పడిపోయి ఉండగా, వెనక నుంచి గొంతు వినిపించింది.

"నా గొట్టం కారుతోందని పిలిస్తే ఓడరేవు కట్టారా?"

నేను లేవబోయి కొళాయికి తల కొట్టుకున్నాను. టీచరు గారు మాత్రం స్టూలు లాక్కుని తొట్టి పక్కన కూర్చుని, "ఇంకా ఎంత మునగాలి?" అని అడిగారు. కెప్టెన్ చూపించింది. ఆవిడ లోపలికి వెళ్ళి, విరిగిన ఇత్తడి తలుపు పిడి ఒకటి పట్టుకొచ్చారు. అది అడుగున పెట్టగానే బోటు ఇంకొంచెం దిగి, నీళ్ళు సరిగ్గా ఎర్రగీత మీదికి వచ్చి నిలిచాయి. టీచరు గారు చప్పట్లు కొట్టారు. రిమోటు నొక్కితే బోటు తొట్టి ఆ చివరికి వెళ్ళి, వెనక్కి వచ్చింది. చుక్కాని మాట విన్నది, ప్రొపెల్లరు మాట విన్నది, నా జాయింటు చుక్క కార్చలేదు. ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారి పొడుగునా ఇద్దరం ఒకరి మాటకి ఒకరు అడ్డం పడుతూ మాట్లాడుకున్నాం.

ఇక మిగిలింది పైన నిలబడే స్తంభం. టగ్గుబోటు మీద దీపాలు కట్టుకునే ఆ స్తంభం నా చేతిపని కావాలని నాకు మహా ఆశ. కెప్టెన్ తల్లితో బడిబట్టలు కొనడానికి వెళ్ళిన పూట, సన్నటి రాగి గొట్టం తీసుకుని, పైకి పోనుపోను సన్నబడేలా సాగదీసి, అడ్డకమ్మీలు అతికి, తళతళలాడేలా రుద్దాను. రిమోటు సిగ్నలు అందుకునే చిన్న పెట్టె బోటు లోపల ఉంటుంది. దాన్నుంచి వేలెడు పొడవు తీగ ఒకటి బయటికి వేళ్ళాడుతూ ఉంది. బయటికి కనబడే గొట్టమన్నా, తీగన్నా నాకు నామోషీ. ఇన్నేళ్ళ పనిలో గోడ మీద గొట్టం కనబడనివ్వలేదు నేను. ఆ తీగని కూడా చక్కగా రాగి స్తంభం లోపలికి ఎక్కించి, దాని మొదట్లో జిగురు పోసి మూసేశాను.

కెప్టెన్ వచ్చి స్తంభాన్ని స్కేలు పెట్టి కొలిచింది. తర్వాత, "నాన్న బోటు ఫొటోలో ఉన్నట్టే ఉంది" అంది. రిమోటు నొక్కితే బల్ల మీద ప్రొపెల్లరు గిర్రున తిరిగింది. నేను ఆకాశంలో ఉన్నాను.

ఆదివారం వచ్చింది. పెదనాన్న గారు పొద్దుటి బస్సులో దిగారు. నెమ్మదస్తుడు. ఆయన చెడ్డవాడైతే నాకు కాస్త సుఖంగా ఉండేది. "గది సర్దించింది మీ పెద్దమ్మ. కిటికీ దగ్గర బల్ల వేయించింది" అని పిల్లతో ఆయన ఎంతో ప్రేమగా చెబుతుంటే, నేను బోటుని మూడోసారి తుడుస్తూ నిలబడ్డాను. మా ఆవిడ ఇంట్లో లేనిపోని పనులు కల్పించుకుంది.

చెరువు గట్టు కిటకిటలాడుతోంది. యుద్ధనౌకలు, తెరచాప పడవలు, అన్నిటికీ మించి పళ్ళ డాక్టరు గారి తెల్లటి ప్రయాణికుల ఓడ. మంచమంత పొడవు, కిటికీ కిటికీకీ దీపం. డాక్టరు గారు తెల్ల చేతితొడుగులతో దాన్ని నీళ్ళలో దింపారు. మా టగ్గుని కెప్టెన్ వట్టి చేతులతో దింపింది. అది గీత దాకా మునిగి, బరువుగా, నింపాదిగా కదిలింది. ముక్కు ముందు తెల్లటి నురగ లేచింది. పెదనాన్న గారు "వాడి బోటే" అన్నారు.

చెరువు మధ్యలో గుర్తుగా తేలేలా కట్టిన ఎర్ర ప్లాస్టిక్ బుంగని చుట్టి రావాలి. టగ్గు సగం దూరం వెళ్ళింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. కెప్టెన్ రిమోటు నొక్కింది, ఎత్తి పట్టుకుని నొక్కింది, ఊపి నొక్కింది. లాభం లేదు. గట్టు మీద ప్రతివాడూ ఇంజనీరే. బ్యాటరీ అన్నాడొకడు, గడ్డి చుట్టుకుందన్నాడొకడు, ఇంట్లో చేసినవి ఇంతే అన్నాడు ఇంకొకడు. గాలికి బోటు మెల్లగా పక్కకి కొట్టుకుపోతోంది. కెప్టెన్ పెదవులు బిగిసిపోయాయి.

నేను బూట్లతోనే నీళ్ళలో దిగాను. నడుం లోతు. వెనకాల చప్పుడైతే తిరిగి చూశాను. రిమోటు నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని నొక్కుతూనే కెప్టెన్ కూడా దిగేసింది. నేను బోటుకి చెయ్యి చాచేసరికి ప్రొపెల్లరు గిర్రున తిరిగింది. కెప్టెన్ ఆగింది. వెనక్కి అడుగులు వేసింది. ప్రొపెల్లరు ఆగిపోయింది. ముందుకి వచ్చింది. మళ్ళీ తిరిగింది.

"దగ్గరుంటే వింటోంది. దూరమైతే వినట్లేదు" అంది. "ప్లంబర్ గారూ, రిసీవరు తీగ ఎక్కడ పెట్టారు?"

"స్తంభం లోపల. కనబడకుండా..."

"రాగి గొట్టం లోపలా?"

నాకు అర్థమవుతూ ఉండగానే ఆ పిల్ల చెప్పింది. "రాగి సిగ్నల్ని లోపలికి రానివ్వదు. దానికి మీరు చెవులు మూసేశారు."

గట్టుకి వచ్చాం. నా జేబులో గొట్టాలు కోసే హాక్సా బ్లేడు ముక్క ఎప్పుడూ ఉంటుంది. బోటుని ఒళ్ళో పెట్టుకుని స్తంభం మొదట్లో కోయడం మొదలుపెట్టాను.

"అయ్యో, కొయ్యకండి! ఎంత బాగా చేశారు! ఇంకోసారి ఎప్పుడైనా నడుపుదాం" అంది కెప్టెన్ నా మోచెయ్యి పట్టుకుని.

"బోటు నడవాలన్నావు కదమ్మా" అన్నాను.

చెయ్యి వదిలి, నాకు వీలుగా ఉండేలా బోటుని రెండు చేతులా పట్టుకుంది. స్తంభం ఊడి వచ్చింది. తీగని నిటారుగా నిలబెట్టడానికి ఏమీ దొరకలేదు. పక్కన ఎవరో పారేసిన, కూల్‌డ్రింకు తాగే గొట్టం తెచ్చి పెదనాన్న గారు అందించారు. అందమైన టగ్గు నెత్తిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పుల్ల. ఎవడైనా చూస్తే నవ్వుతాడు. నవ్వారు కూడా.

నీళ్ళలో వదిలితే ఎర్ర బుంగ దాకా వెళ్ళింది. బుంగ దాటింది. చుట్టూ తిరిగింది. నేను అరిచిన అరుపుకి పావురాలు లేచిపోయాయి. సరిగ్గా అప్పుడే డాక్టరు గారు ఇంకో అరుపు అరిచారు. ఆయన తెల్ల ఓడకి చుక్కాని బిగుసుకుపోయింది. మోటారు ఆపినా నీటి ఒరవడికి ఓడ నేరుగా చెరువు చివరికి, నీళ్ళు కాలవలోకి దూకే తూము వైపు పోతోంది. అక్కడ బాగా లోతు, దిగకూడదని బోర్డు కూడా ఉంది. డాక్టరు గారు చేతితొడుగులతోనే తల పట్టుకున్నారు.

కెప్టెన్ నా వైపు చూసింది. "టగ్గుతో ఆపుదాం. ఇక్కణ్ణించి నాకు సరిగ్గా కనబడదు. మీరు తూము గట్టు ఎక్కి చెయ్యి చూపిస్తారా?"

తడిసిన పంట్లాముతో, బూట్లలో నీళ్ళు కొట్టుకుంటుండగా పరిగెత్తాను. తూము గోడ ఎక్కి నిలబడ్డాను. టగ్గు వస్తోంది. ఓడకీ తూముకీ మధ్య సందు తగ్గిపోతోంది. నేను ఎడమ చెయ్యి ఊపాను, టగ్గు ఎడమకి తిరిగింది. కుడి చెయ్యి, కుడికి. రెండు చేతులూ పైకెత్తాను, నింపాదిగా అన్నట్టు. ఆ దూరంలో గట్టు మీద చిన్నగా కనబడుతున్న పిల్ల, నేను చెప్పింది చెప్పినట్టు, ఒక్క క్షణం అనుమానపడకుండా తిప్పుతోంది. టగ్గు సందులో దూరి, తాడు చుట్టిన ముక్కుని ఓడ పక్కకి ఆనించింది. "తొయ్యి కెప్టెన్! తొయ్యి!" అని గొంతు చించుకున్నాను. డ్రిల్లు మోటారు గుర్రుమంది. అడుగున ఉన్న కొళాయిలన్నిటి బరువూ వేసి నెట్టింది. తెల్ల ఓడ ఆగింది, ఊగింది, మెల్లగా పక్కకి తిరిగింది. గట్టు గట్టంతా కేకలు. ఇందాక నవ్వినవాళ్ళే టోపీలు ఎగరేశారు. దీపాలన్నీ వెలుగుతున్న ఆ మంచమంత ఓడని, పసుపుపచ్చ పుల్ల పెట్టుకున్న మా బుల్లి టగ్గు ఒడ్డు దాకా నెట్టుకొచ్చింది. డాక్టరు గారు తన ఓడని వదిలేసి ముందు మా టగ్గుని ఎత్తుకున్నారు.

గోల సద్దుమణిగాక పెదనాన్న గారు జేబురుమాలుతో మొహం తుడుచుకుని పిల్ల పక్కన కూర్చున్నారు. మా ఆవిడ నా పక్కన నిలబడి నా తడిచొక్కా అంచు పట్టుకుంది. నేను పంట్లాము పిండుకుంటున్నట్టు నటించాను గానీ చెవులన్నీ అటే ఉన్నాయి.

"ఇంత చేసిన మనిషిని ఇంకా ప్లంబర్ గారూ అంటావేంటమ్మా? నాన్నా అనకూడదూ?" అన్నారాయన.

"నాన్న వేరే ఉన్నారు కదా పెదనాన్నా" అంది కెప్టెన్ నెమ్మదిగా. "ఈయన ప్లంబర్ గారు."

నిజమే కదా అనుకున్నాను. నిజమే అయినా పిండిన పంట్లామునే ఇంకోసారి గట్టిగా పిండాను.

"పెద్దమ్మకి చెప్పండి, దసరాకో వేసవికో కాదు, సెలవులు ఎప్పుడిచ్చినా వస్తాను. ఆ బల్ల అలాగే ఉంచమనండి" అంది. లేచి, లంగా అంచులు పిండుకుంటూ నా వైపు వచ్చింది. "ప్లంబర్ గారూ, ఎల్లుండి బడి. మీరే దింపాలి. ఆ గొట్టాల బండి మీదే. గేటు ముందు మాత్రం హారన్ కొట్టకండి, పరువు పోతుంది."

మా ఆవిడ నా చొక్కా అంచు వదిలి నా చెయ్యే పట్టేసుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనుంది, ఏడవాలనుంది, బూట్లలో నీళ్ళు ఉన్నాయి. "కొట్టనమ్మా, ఒట్టు" అన్నాను.

మంగళవారం పొద్దున్న బడి ముందు బండి ఆపాను. ఆ పిల్ల దిగి గేటులోకి నాలుగడుగులు వేసిందో లేదో, నా చెయ్యి నా మాట వినలేదు. వీధంతా మారుమోగేలా కొట్టాను. తోటిపిల్లలంతా చూశారు. కెప్టెన్ వెనక్కి తిరిగి నన్ను కొరికేసేలా చూసి, నవ్వాపుకోలేక లోపలికి పరిగెత్తింది.